తోలు గిన్నె

అయిదు వారాలుగా ఆరాధనకు ఆలస్యంగానే పోతున్నాను.
పాస్టరయ్య ప్రసంగం ఆపడు గానీ
నా గోళ్లలో గ్రీజు వైపు ఒక చూపు చూస్తాడు.
ఆడవాళ్ల చాప మీద మా సుగంధి కొంగు సర్దుకుంటుంది,
అంటే ఇంటికి రా, చెప్తా అని.

మా మందిరంలో ఎవరికి చేతనైంది వాళ్లు చేస్తారు.
మిలిటరీలో చేసొచ్చిన దేవవరం గంట కొనిచ్చినాడు.
టీచరమ్మ పిల్లోళ్లకు వాక్యాలు కంఠతా పట్టిస్తుంది.
ఎస్తేరు గొంతెత్తితే
పెనుమూరు రోడ్డు మీద బస్సు కూడా నిదానిస్తుంది.
సాక్ష్యం చెప్పమని నన్నూ ఒకసారి నిలబెట్టినారు.
"నేను... పంపులు..." అన్నాను.
కూర్చున్నాను.

అవును, పంపులు.
మా చుట్టుపక్కల ఇంకా ఊపిరుండే చేతిపంపులు
నా లెక్కకు ఇరవై మూడు.
మోటార్లొచ్చినాక వాటిని పలకరించే దిక్కు లేదు,
కరెంటు పోయిన మూడో రోజు తప్ప.
పంచాయతీ నా జీతం ఆపి ఎనిమిదేళ్లు.
రెంచీలు వెనక్కి అడగడం మర్చిపోయినారు.
నేనూ గుర్తు చేయలేదు.

పది అడుగుల పైపులు పన్నెండు.
ఒక్కొక్కటే పైకి లాగాలి.
పైపు జారిందంటే పాతాళానికే,
అందుకని క్లాంపు బిగించేటప్పుడు మాత్రం
నాకు ప్రార్థన బాగా వస్తుంది.
చిట్టచివర సిలిండరు, దాని గుండెలో
అరచేతిలో ఇమిడేంత తోలు గిన్నె.
అది అరిగితే ఊరు ఎండినట్టే.

రబ్బరువి వచ్చినాయి. మా రాళ్ల నీళ్లకు నిలవవు.
నేను మా నాయన కత్తితోనే కోస్తాను,
తంగేడు చెక్క నీళ్లలో ఆయన నానబెట్టినట్టే నానబెట్టి,
మూస మీద వంచి, ఆముదం పట్టించి.
మా నాయన ఏసుపాదం
కపిల బానలు కుట్టినోడు.
ఆయన కుట్టిన బానలో ఊరి నీళ్లు పైకొచ్చేవి,
ఆయన మాత్రం బావి గట్టు ఎక్కగూడదు.
దోసిలి పట్టి దూరంగా నిలబడితే
ఎవరో ఒకరు, పొద్దు వాలేలోపల,
ఎత్తు నుంచి పోసేవాళ్లు.
సగం మోచేతుల మీదుగా కారిపోయేది.
ఆ సగం చీమలకులేరా అని నవ్వేవాడు.

పోయిన ఆదివారం పైవూళ్లో పంపు పట్టేసింది.
బోర్లు ఎండి, ట్యాంకరు రాక నాలుగు రోజులు.
రెడ్డెమ్మవ్వ మనవడి చేత ఫోను చేయించింది.
సైకిలు మందిరం ముందర నుంచే పోవాల.
లోపల ఎస్తేరు పాడతా ఉంది. తల తిప్పలేదు నేను.

మిట్టమధ్యాన్నానికి కొత్త గిన్నె దించి
పిడి కొట్టినాను. ముప్పైసార్లు ఉత్త గాలి.
నలభైకి తుప్పు దగ్గు.
నలభై ఏడుకు, నీళ్లు.
పిల్లోళ్లు అరిచిన అరుపుకు కుక్కలు లేచినాయి.

అవ్వకు పిడి నొక్కే బలం లేదు.
నేను కొడతా ఉంటే దోసిలి పట్టింది, బాగా వంగి.
సగం మోచేతుల మీదుగా కారిపోయింది.
నాకు నాయన గుర్తొచ్చినాడు.
ఆమెకు ఎవరు గుర్తొచ్చినారో.
పోతా పోతా వంద నోటు
నా చేతికి కాదు, సిమెంటు గట్టు మీద పెట్టి
ఎగిరిపోకుండా పైన ఒక రాయి పెట్టింది.
రాయి తీసి పక్కన పెట్టినాను.
నోటు జేబులో పెట్టినాను.
తోలు ఖరీదు ఎనభై పోను
మిగిలిన ఇరవై కానుక సంచిలో వేద్దామంటే
మందిరానికి తాళం.

పాస్టరయ్య మెట్ల మీదే ఉన్నాడు.
"ఈరోజు ఏం పోగొట్టుకున్నావో తెలుసునా?" అన్నాడు.
"తెలీదయ్యా" అన్నాను. నిజంగానే తెలీదు.
నాకు తెలిసింది ఒక్కటే:
పైవూళ్లో, నూటిరవై అడుగుల కింద, చీకట్లో,
మా నాయన తోలు
వాళ్లందరి నీళ్లనూ తాకుతా ఉంది.
ఆ సంగతి వాళ్లకు నేను చెప్పలేదు.
దేవుడు కూడా చెప్పినట్టు లేడు.

ఆరు నెలలకు అరిగిపోతుంది.
ఇంకొకటి నానబెట్టినాను.