అర సెంటీమీటరు

చిత్తూరు, గిరింపేట లైబ్రరీ.
రూల్సు పుస్తకం పక్కన రెడ్డెమ్మ నోటుబుక్కు:
మామిడి అంట్ల లెక్కలు, గాలికుంటుకి పసురు,
నడుమ ఎవరినో తిట్టిన ఒక పేజీ.

ఇంటిపేరు ముందు రాయాలి.
పుట్టింటిదా? మెట్టినింటిదా?
అట్ట మీద రెండూ లేవు.

శీర్షిక లేకుంటే నేనే పెట్టి
చదరపు బ్రాకెట్లలో మూసెయ్యాలి.
ప్రచురణ స్థలం: తెలియదు.
తెలుసు.
కాగితాల్లో ఇంకా గానుగ పొయ్యి పొగ.
వాసనకి గడి లేదు.

స్కేలు పెడితే ఇరవైన్నర.
అర మిగిలితే పై అంకె వెయ్యమంది రూలు.
ఇరవై ఒకటి అని రాశాను.

బెల్లం మండీలో ఏటేటా తరుగు పోయిన మనిషికి
ఇన్నాళ్లకి
ఒక కొసరు.

సిరా ఆరేదాకా ఫ్యాను ఆపి కూర్చున్నా.