సంచి బరువు

జనవరి. ఉమ్మల్ ఖువైన్ ఖోర్ మీద
ఫజర్ అజాకు ఇంకా గంటన్నర.
పోటు ఎక్కుతున్నది, బురద వాసన మాత్రం పోలేదు,
ఉడికీ ఉడకని పప్పు వాసన.
మడ చెట్లు మోకాళ్ల దాకా నీళ్లల్ల, మిగతాది చీకట్ల.
దాద్‌కరీం ఇంజను ఆపి గెడతోటి నెడుతున్నడు.
మాట్లాడొద్దు. లైటు ఎర్రదే వెయ్యాలె.

వల కంటికి కనబడదు.
నా చేతికి కనబడతది.
పదకొండేండ్లు సిరిసిల్లల సాంచెలు నడిపిన,
పోగు తెగితే చప్పుడు మారుతది,
కన్ను కన్న ముందు వేలు లేస్తది.
ఇక్కడ చప్పుడు లేదు, గంతే ఫరక్.
మొన్న పీత కొరికిన కాడ తొమ్మిది కండ్లు అతికిన.
అతుకు ఏదని షమ్సా టార్చి పెట్టి ఎతికింది,
దొరకలే.
ఆ రాత్రి రూముల ఎవ్వరికీ చెప్పలే గని
రెండు రొట్టెలు ఎక్కువ తిన్న.

మూడో అరల ఒక ముద్ద.
చిన్న ఉల్లంకి.
ఎట్ల పడ్డదో అట్లనే వెనక్కి రావాలె,
ముందు కాళ్లు, తర్వాత రెక్క, ఆఖరికి తల.
గుంజితే బిగుస్తది.
చిక్కుపడ్డ నూలు గూడ అంతే,
ఆ సంగతి మా ఆసామికి ఎన్నడు తెల్వలే.
దాని గుండె నా వేలి కింద,
లెక్క పెడదామంటే అంకెలు వెనకబడుతున్నయి.

సంచిల వేసి మెడకు తగిలించుకున్న.
సంచులు కుట్టింది నేనే,
పాత తువ్వాలలు కోసి, కుట్టు బయటికి పెట్టి,
గోరు దారానికి చిక్కొద్దని.
సాంచె పోయి సంచి వచ్చింది నాకు,
తెగింది దీర్ఘమే అని ఒక్కన్నే నవ్వుకుంట.

టెంటుల బల్ల, కాంటా, పటకారు,
ఫ్లాస్కుల గహ్వా.
షమ్సా కాలు చూసి ఆగింది.
ఉన్నది. ముందే కడెం ఉన్నది దీనికి.
అంచు అరిగింది, అంకెలు మిగిలినయి.
"నీకు గూడ అకామా కొట్టిన్రా" అన్నడు దాద్‌కరీం పిట్టతోటి.
షమ్సా నవ్వింది. నాకు నవ్వు రాలే.
కఫీలు లేడు, కంపెనీ లేదు,
రేపు లేచి ఇరాన్ దిక్కు పోతే అడిగేటోడు లేడు.
అది అకామా ఎట్లయితది?

పాత రిజిస్టరు తిరగేసింది.
పోయినేడు, జనవరి పంతొమ్మిది.
ఇదే వల. ఇదే మూడో అర.
ఇరవై రెండు గ్రాములు.
ఆఖరి గడిల, వలలకెల్లి తీసినోళ్లు:
వేముల కనకయ్య.

నా పేరు ఇంతకుముందు ఒక్క బుక్కులనే ఉండె.
ఎర్ర అట్ట, ఆసామి గల్లాపెట్టె కింద,
పేరు పక్కన బాకీ.
ఇక్కడ పేరు పక్కన పిట్ట.
నడుమల అది సైబీరియా పోయింది,
గుడ్లు పెట్టింది కావచ్చు, పొదిగింది కావచ్చు,
ఆ గడి ఖాళీ.
నాకైతే అది యాదికి లేదు, నిజమే చెప్తున్న,
పోయిన చలికాలం వందల పిట్టలు తీసిన.
దానికి నేను యాదికున్ననా?
ఉంటే మళ్ల ఇదే వలల పడునా?

సంచితోని ముప్పై మూడు.
పిట్టను తీసి ఖాళీ సంచిని తూచింది, పది.
ఇరవై మూడు.
ఒక గ్రాము పెరిగింది అన్నది షమ్సా, గ్రాముకేముంది అన్నట్టు.
ఒక గ్రాము నూలు సాగదీస్తే
మా సాంచెల వంద మీటర్ల పైననే పోతది.

అరచెయ్యి తెరిచిన.
ఎగరలే. కూసున్నది.
వేళ్ల సందుల చలి, దాని కాళ్లల్ల వేడి.
దూరంగ అజా మొదలయింది,
ఇంకో మసీదు రెండు అక్షరాలు వెనక.
అప్పుడు పోయింది,
నీళ్లకు జానెడు ఎత్తుల, ఒక్కటే పోగు లెక్క,
తెగకుండ.

సంచి తిరగేసి దులిపిన.
కొంచెం రెట్ట, ఒక తెల్ల ఈక.
ఆ ఈక సంచి పదిల ఉన్నదా,
పిట్ట ఇరవై మూడుల ఉన్నదా?
షమ్సాను అడగాలె.