వంద రూపాయల పత్రం

ఆ రోజు నన్ను పిలిచింది తీర్పు చెప్పమని కాదు,
నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని.
పెనుమూరు రోడ్డులో బెల్లం మండీ, వెనక గది,
కాటా పక్కన ఒకే బెంచీ.
నేలంతా జిగట. లేచేటప్పుడు చెప్పులు వదల్లేదు.

ఎగువోళ్లు బెంచీ మీద.
దిగువోళ్లు నిలబడి.
కాలవ కాడ కొట్లాటలో
అటు ముగ్గురు, ఇటు ఐదుగురు పోయినారు.
ముందు పార ఎత్తింది ఎవరో
చూసినోళ్లంతా ఆ ఎనిమిది మందిలోనే ఉన్నారు.

చెంగల్రాయులు చెప్తా ఉంటే రాసినాను.
తూము కాడి ఏడు కయ్యలు ఎగువోళ్లకి.
మోటార్లు రెండూ పీకి ఇచ్చేయాల.
పదిహేనేండ్లు, ఏటా బెల్లం దిగినాక
మూడు లక్షలు.
గట్టు మీద కొడవలి పట్టుకుని నడవగూడదు.
"మరి గడ్డి కోసుకునేదానికి?" అన్నారెవరో.
దాని మీదనే చానాసేపు మాట్లాడి
"మూర లోపు కొడవలి" అని చేర్చినాం.

అప్పుడాయన బయటికి పోయి వక్కాకు ఉమ్మి వచ్చి
"అన్నిటికీ పైన ఒక మాట రాయి:
జరిగినదానికంతా కారణం మేమే" అన్నాడు.
కలం ఆగింది.
మళ్లీ రాసింది, గుండ్రంగానే.

వాకిట్లో ఎగువ కుప్పమ్మ, కొడుకుని పోగొట్టుకున్న మనిషి,
"విత్తనం చెరుకన్నా మిగల్చండ్రా వాళ్లకి,
కడుపు కాలేవాడు పక్కూర్లో ఉంటే
నాకు నిద్ర పట్టదు" అనింది.
ఏ షరతు కింద రాయాలో ఎవరూ చెప్పలేదు.
నేనూ అడగలేదు.

మొగిలప్ప వేలిముద్ర వేసి
బొటనవేలు గోడకి తుడిచినాడు.
ఆ మరక మీద మూడుసార్లు సున్నం కొట్టినారు.

మొదట్లో కంతులు తప్పకుండా వచ్చినాయి,
చిత్తూరులో వడ్డీకి తెచ్చి కట్టినవి.
ఎగువన మిద్దెలు లేచినాయి,
ఆ కంతుల్ని చూపించి చేసిన అప్పుతో.
బెల్లం ధర పడిన ఏడు
రెండు ఊళ్లూ ఒకే వడ్డీ షావుకారు మెట్ల మీద
ఎదురుబదురుగా కూర్చున్నాయి.
పలకరించుకోలేదు.

గట్టు మీద కాపలా ఉండిన ఎగువ పిల్లోళ్లు
తిరుపతి హోటళ్లలో పనికి పోయినారు.
షరతు ఉంది, కాపలా లేదు.
కొడవళ్లు మూర దాటినాయి.

మొగిలప్ప మనవడు ఏకాంబరం
నకలు కావాలని నా అంగడికి వచ్చినాడు.
వాడు పుట్టక ముందు నాటి కొట్లాట అది.
కయ్యల లెక్క చూడలేదు, డబ్బు లెక్క చూడలేదు.
పై పంక్తి మీద వేలు పెట్టి
"ఎవురి రాత ఇది?" అన్నాడు.
నాదే అన్నాను.
"అచ్చరాలు బాగుండాయి."
యాభై నోటిచ్చి చిల్లర తీసుకోకుండా పోయినాడు.

నిన్న రాత్రి తూము కాడ పదమూడు మంది.

పొద్దున్నే కబురు:
మండీ వెనక గది ఊడ్చి పెట్టినారంట.
ఈసారి బెంచీ మీద దిగువోళ్లంట.
బెంచీ అదే, కావాలని అదే వెతికించినారంట.
కలం తీసుకుని రమ్మన్నారు.

చేయి వణకతా ఉండాదని చెప్పి పంపినాను.
వణకడం లేదు.