అంగుళం

రసాయనశాల తలుపు దగ్గర
డెల్ఫీనో అరెడొండో మోకాళ్ళ మీద కూచుని
అక్షరాల ఎత్తు కొలుస్తున్నాడు.

అంగుళానికి ఆవగింజంత తగ్గినా
చట్టం దృష్టిలో అది బోర్డు కాదట,
గోడకంటిన వట్టి రంగేనట.
పోయిన వారం లీగల్ ఆఫీసు వెర్లీన్ టటిల్
స్టీలు స్కేలు ఆనించి చూసి
పదకొండు బోర్డులు పీకించింది.

నలుపు మీద తెలుపు.
ఇంగ్లీషు ఒక పక్క, స్పానిష్ ఒక పక్క.
లైసెన్సున్న పిస్తోలుకే ఈ మాటంతా,
లేని పిస్తోలు చదవడానికి ఆగుతుందా
అని గొణుక్కున్నాడు, స్క్రూ బిగిస్తూ.

టెక్సస్ ఎండ. పార్కింగ్ లాట్ నిండా తారు వాసన.
లోపల హైడ్రోజన్ సిలిండర్లు
గొలుసులతో గోడకి కట్టేసి, బుద్ధిగా.

అప్పుడొచ్చాడొక కుర్రాడు. వదులు చొక్కా,
నడుం దగ్గర చిన్న ఉబ్బు.
ఆగి, పైనుంచి కిందదాకా చదివాడు.
పెదవులు కదిలాయి, స్పానిష్‌లో.
వెనక్కి నడిచాడు.
డిక్కీ తెరిచిన చప్పుడు. మూసిన చప్పుడు.

తిరిగొచ్చేటప్పుడు గాలికి
చొక్కా ఒంటికి అతుక్కుంది, చదునుగా.
"తలుపు పట్టుకోనా?" అన్నాడు.
డెల్ఫీనో చేతిలో టేపు
సర్రున లోపలికి ముడుచుకుంది.