వెనక్కి తెరుచుకునే సంచి

కూమా ఊరి చివర పెట్రోల్ బంకులో
రాత్రి డ్యూటీ నాది.
జూలై. గాజు తలుపు మీద మంచు పొర.
రెండుంపావుకి వచ్చిన ట్రక్కు డ్రైవరు
డీజిలడగలేదు, కాఫీ అడగలేదు,
ఉన్ని టోపీ తెచ్చి కౌంటరు మీద పెట్టాడు.
"తల్లి రోడ్డు మీదే పోయింది.
ఇది ఇంకా కదుల్తోంది."

వెంట్రుకైనా మొలవని గులాబీ ముద్ద,
ముసలాయన మొహం,
అప్పుడే తవ్వకానికి సిద్ధమైన గోళ్ళు.
స్వెట్టరు లోపల బొత్తాం పెట్టుకున్నాను.
నా గుండె చప్పుడు దానికి నచ్చినట్టుంది,
చంక కిందికి జరిగి పడుకుంది.

మూడున్నరకి చెప్పులతోనే పరిగెత్తుకొచ్చిన గ్లెనిస్
నమస్కారం లేదు, పేరు లేదు:
"ఆవు పాలు పట్టలేదు కదా?"
మైక్రోవేవ్‌లో కప్పు తిరుగుతోంది.
ఏ జబ్బుకైనా గ్లాసుడు పాలే మందన్న ఇంట్లో పెరిగినవాణ్ణి,
చప్పుడు చెయ్యకుండా స్విచ్ ఆపేశాను.

ఆ తర్వాత ప్రతి శనివారం
గ్లెనిస్ వంటగదిలో మా మేదిని.
ఏడేళ్ళు. చేతిలో గళ్ళ నోటుబుక్కు,
అట్ట మీద "నిజాలు" అని రాసి కింద రెండు గీతలు.
దిండు గలేబులో వేలాడే వాంబాట్ పిల్లకి
బుడంకాయ అని పేరు పెట్టింది.
గ్లెనిస్ నోట అది "బూడన్ కై" అయింది.
పిల్లకి రెండు పేర్లకీ చెవులు కదిలేవి.

మొదటి నిజం:
వాంబాట్ తల్లి సంచి వెనక్కి తెరుచుకుంటుంది,
బొరియ తవ్వుతుంటే మట్టి పిల్ల కళ్ళలో పడకుండా.
"అంటే నాన్నా, అమ్మ ఎటెళ్తోందో దానికి తెలీదు,
ఎక్కణ్ణించి వచ్చారో అదే కనిపిస్తుంది."
నేను సీసా కడుగుతున్నాను.
కడిగిందే మళ్ళీ కడిగాను.

కంగారూ తల్లి ఒకేసారి
రెండు రకాల పాలిస్తుందట,
సంచిలోని గింజంత దానికొకటి,
బయట గంతులేసే పెద్దదానికొకటి.
"మా బంకులో పెట్రోలూ డీజిలూ లాగా," అన్నాను.
నోటుబుక్కులో ఆ మాట ఎక్కలేదు.

ఎకిడ్నా పిల్ల గుడ్డులోంచి వచ్చినా పాలే తాగుతుంది.
చనుమొనలు లేవు,
తల్లి చర్మం చెమర్చితే నాకుతుంది.
ముళ్ళు మొలిచిన రోజు
సంచిలోంచి బొరియలోకి బదిలీ.
"ముళ్ళుంటే ఎవరు మోస్తారు?" అంది గ్లెనిస్,
తన కొడుకు ఫోన్ వైపు చూడకుండా.

కోలా పిల్ల, ఆకు అరిగించుకోడానికి,
ముందు తల్లి పెంట తినాలి.
ఆకుపచ్చగా, మెత్తగా ఉంటుందట.
ఆ రోజు మేదిని గోంగూర పచ్చడి ముట్టలేదు.

ఇంతలో బుడంకాయకి బొచ్చొచ్చింది, గడ్డి రుచి తెలిసింది,
ఒక పొద్దున నాలుగు పలకల పెంటికలు వేసింది.
పాచికలు!
మేదిని ఒకటి అగ్గిపెట్టెలో దాచింది.
మా ఆవిడ అగ్గిపెట్టె తెరిచింది.
ఆ సంగతి ఇక్కడ రాయను.

రెండో చలికాలానికి
అది తలుపు కొరికింది, సోఫా తవ్వింది,
చివరికి నా పిక్క పట్టుకుంది.
నేను కుంటుతుంటే గ్లెనిస్ మొహం వెలిగిపోయింది:
"పాసైంది!"

కొండ వాలున వదిలాం.
వెనక్కి చూస్తుందనుకున్నాను, తండ్రి మనసు కదా.
పాత బొరియ ఒకటి వాసన చూసింది, దూరింది,
పిర్రతో వాకిలి మూసేసింది.
శత్రువొస్తే అలాగే అడ్డం పెడతాయట,
రాయిలాంటి పిర్ర.
మేదిని వేలితో పొడిచి చూసింది.
నిజమే, రాయే.
కారులో ఏడ్చింది. తర్వాత పెన్సిలడిగింది.

మొన్న రాత్రి ఆ డ్రైవరొచ్చాడు,
అదే టోపీ.
ఈసారి కాఫీ అడిగాడు.
"ఆ పిల్ల ఏమైంది?"
"తలుపేసుకుంది," అన్నాను.
అర్థం కాలేదాయనకి.
పంచదార రెండు చెంచాలు వేసుకుని
కలుపుతూ నిలబడ్డాడు.