గార్డు లేని గూడ్సు

రాయలచెరువు లూపులైన్లో
నిలబెట్టి మూడు గంటలాయ.
ముందర నలభైరెండు సిమెంటు వాగన్లు,
ఎనక బ్రేకువ్యానులో నేను,
ఒక చెక్కబల్ల, ఫ్యాను లేని కప్పు,
క్యారియర్లో సగం మిగిలిన ఉగ్గాని.

నాలుగూ యాభైరెండుకు
వాయవ్యం మూల చూడు నాయనా, అనింది లింగేశ్వరి.
పత్తికొండ బళ్లో పిల్లోళ్లకు సైన్సు చెప్తాది.
పైన మనుషులుండే ఇల్లొకటి తిరుగుతా ఉందంట.
దానికి సామాన్లు మోసుకోని
ఒక బండి పోతాందంట.
నీళ్లు, గాలి, మందులు, మార్చుకోను బట్టలు,
ఎర్రగడ్డలు గూడా.
తలుపు తెరిస్తానే
పండ్ల వాసనకు ఆ మనుషులు
రోంతసేపు పనాపి నిలబడిపోతారంట.

డ్రైవరెవరు, అన్నా.
లేడనింది.
గార్డు?
నవ్వింది.

ఆ నవ్వు నేనెరుగుదును.
గుంతకల్లు లాబీలో
గోడకు కాయితం అంటిచ్చిన రోజు
ఎవురూ నవ్వలేదు గానీ
నవ్వినట్లే వినపడె.
ఇంక ఆఖరి వాగనుకు
బూట్ల డబ్బాంత మిషను తగిలిస్తారంట.
బండి తెగితే అదే చెప్తాదంట.
దానికి ఆకలి గాదు, నిద్ర రాదు,
పుష్యమాసం చలికి ముక్కు కారదు.

సరే. వాచీ చూసుకున్నా.
యాడికి గుట్టల మింద
చుక్కల్లో నుంచి ఒక చుక్క కదిలింది.
మినకదు. కూత లేదు. పట్టాల చప్పుడు లేదు.
గుంతకల్లు నుంచి కడపకు
నేను తెల్లార్లూ పోతాను.
అది భూమినంతా
తొంభై నిమిషాల్లో చుట్టుకోని వస్తాదంట,
ఒక్క హోమ్ సిగ్నల్ కాడ గూడా ఆగకుండా.

దాని ఎనక, కొంచెం ఎడంగా,
ఇంగొకటి.
చిన్నది. మసక.
పెద్దదాన్ని ఇడిసిపెట్టకుండా
అడుగులో అడుగేసుకోని వస్తాంది.

ముప్పై ఒక్క ఏండ్ల అలవాటు.
పక్క లైన్లో బండి దాటితే
గార్డు లేచి నిలబడల్ల.
చక్రాలు చూడల్ల, పొగ లేస్తాందేమో చూడల్ల,
ఆఖరి దీపం వెలుగుతాందా లేదా చూడల్ల.
పచ్చదీపం ఊపి
అంతా సరిగ్గుండాదని చెప్పల్ల.

లేచి నిలబడినా.
గొంతు కాడి గుండీ గూడా పెట్టుకున్నా.
లాంతరు పచ్చకు తిప్పి
ఆకాశానికెత్తి ఊపినా.
అవతల ఊపేటోడు లేడని తెలుసు.

వాకీటాకీలో నబీరసూల్ గొణిగినాడు:
"ఏం సుంకన్నా, పచ్చ యాడిది?
నాకింకా ఎర్రగనే ఉండాది గదా."
"నీకు గాదులే. పడుకో."

సామాను దించినాక
ఆ బండిలో చెత్త నింపుతారంట.
చినిగిన గుడ్డలు, ఖాళీ డబ్బాలు,
వాళ్లు వద్దనుకున్నేవన్నీ.
తలుపు మూసి కొక్కెం తప్పిస్తే
దిగేటప్పుడు గాలికే అంటుకోని
మనిషి అలికిడి లేని సముద్రం మింద
బూడిదయితాదంట.
ఈ మాట చెప్పేటప్పుడు మాత్రం
లింగేశ్వరి నవ్వలేదు.

పాత బ్రేకువ్యాన్లు
గుత్తి యార్డులో
గ్యాసు మంటకు ముక్కలయ్యేది చూసినా.
చెక్కబల్లలు ముందు పీకుతారు.
ఒకదాని మింద మొలతో గీకిన పేరుండె.
నాది గాదు,
నాకన్నా ముందోడిది.

రిజిస్టరు తీసి, కార్బన్ కాయితం సర్ది
రాసినా:
రాయలచెరువు. 4.52.
పై లైన్లో గూడ్సు ఒకటి దాటె.
గార్డు లేడు.
ఆఖరి దీపం కనపడె.