మూడో మడి మీద నీడ

పొద్దున ఆరింటికి హెబ్బాళ ఫ్లైఓవర్ మీద
ఎయిర్‌పోర్టు బస్సులు ఇంకా లైట్లార్పవు.
ఇవతల ప్రయోగ క్షేత్రంలో, బురదలో మోకాళ్లానించి
నేను వరిపువ్వు నెత్తి కత్తిరిస్తుంటాను.
లోపల ఆరు కేసరాలు.
ఒక్కటి మిగిలినా
తల్లి తనకు తానే బిడ్డను కంటుంది,
నా సంకరం అబద్ధమవుతుంది.

చౌడక్క పట్టకారు అందిస్తుంది.
బాగేపల్లి నుంచి వచ్చి ఇరవై రెండేళ్లు.
కాగితం సంచి తొడిగి గుండుసూది గుచ్చడంలో
డిపార్ట్‌మెంట్ మొత్తానికీ ఆ వేళ్లే వేళ్లు.
"పసిబిడ్డకు కుల్లాయి పెట్టినట్టు పెట్టాల పాపా.
బిగిస్తే గాలాడదు,
వదిలేస్తే పక్కింటోడి పుప్పొడి దూరతాది."

నూట ఇరవై రకాలు. మూడు మళ్లు.
రకానికి అయిదు మొక్కలు.
గట్టు వరుస లెక్కలోకి రాదు,
అంచున ఉన్నవాటికి వెలుతురెక్కువ,
ఉన్నదానికన్నా గొప్పగా కనిపిస్తాయి.
పిలకలు లెక్కపెట్టాను, కంకులు కొలిచాను,
నిండు గింజలు ఒకవైపు, తాలు ఒకవైపు.
వెయ్యి గింజలు తూస్తే ఇరవై ఒకటిన్నర గ్రాములు.
ఆ ఒక్క అంకె కోసం
దీపావళి అయిపోయిన సంగతే తెలియలేదు.

ఎత్తు నూటికి తొంభై పాళ్లు విత్తనం మాటే వింటుంది.
పూతకొచ్చే రోజూ అంతే, మొండిది.
దిగుబడి మాత్రం ముప్పై ఏడు.
మిగతా అరవై మూడూ
నీళ్లు, ఎండ, నేల, పొరపాటు అని రాయాలి.
చౌడక్క విని నవ్వింది.
"మరి నేను నాటింది ఎందులో రాస్తావు?
నీళ్లలోనా, పొరపాటులోనా?"
నేను కాలిక్యులేటర్ వైపు చూశాను.

నిరుడు లేని నీడ ఒకటి ఈ ఏడు వచ్చింది.
గోడవతల పందొమ్మిది అంతస్తులు లేచాయి.
మూడున్నరకు మూడో మడిలో కాలు పెడుతుంది,
నాలుగుంబావుకు గట్టు దాకా పరుచుకుంటుంది.
బాల్కనీలో ఆరేసిన దుప్పటి నీడ
విడిగా ఊగుతూ కనబడుతుంది.
ఆ మడిలో గింజ బరువు పడిపోయింది.
గెలుస్తాయనుకున్న పొట్టి రకాలు,
అన్నీ ఒకే తాత మనవలు,
ఒకే గొంతుతో ఒకే మాట చెప్పినట్టు
అన్నీ అంతే తగ్గాయి.

గైడు అన్నారు, "మడి ప్రభావం. తీసెయ్."
నీడను తీసెయ్యడానికి ఒక సూత్రం ఉంది.
రెండు నిమిషాల పని.

తీసేసే ముందు ఒకసారి చూశాను. నూట పన్నెండు.
మీసాల వడ్లు, ఎర్ర బియ్యం,
ఛాతీ దాకా ఎదిగి గాలికి పడుకునే రకం.
జన్యునిధి రిజిస్టరులో
ఇచ్చినవారి పేరుండాల్సిన చోట ఒక గీత.
మొదటి మడిలో పదకొండు గ్రాములు,
రెండో మడిలో పదకొండు,
నీడలో పదకొండున్నర.
సగటు పట్టికలో అట్టడుగున ఉంది.
గుంపులు కట్టినప్పుడు ఏ గుంపులోనూ చేరక
కాగితం మూల ఒంటి చుక్కగా నిలబడింది.
దాని మీద ఎర్రగీత గీసింది నేనే.

కోతనాడు చూస్తే
దాని మొదట్లో పురికొస ముడేసి ఉంది.
ఎందుకక్కా అన్నాను.
"పిట్టలు అన్నిట్లోనూ వాలినాయి.
దీని మింద వాల్లేదు. మీసం గుచ్చుకుంటాది."
అంతే.
ఆమె కారణం వేరు, నాది వేరు.
నాదీ ఒక్క ఏడాది అంకె,
ఒక్క ఏడాది మాట నమ్మొద్దని
జూనియర్లకు చెప్పేదాన్ని నేనే.

థీసిస్ కృతజ్ఞతల పేజీలో చౌడక్క పేరుంటుంది.
పట్టికలో మాత్రం
ఆమెకు ఇంకా గడి దొరకలేదు.

చీకటి పడేలోగా కవరు మీద పెన్సిల్‌తో రాశాను,
సిరా అయితే తేమకు అలుక్కుపోతుంది:
నూట పన్నెండు. వచ్చే ఖరీఫ్‌కు తల్లి.
గోడవతల రెండో టవరుకు
పునాది తవ్వుతున్న చప్పుడు.
గింజలు లెక్కపెట్టి కవర్లో పోశాను, నలభై మూడు.
చౌడక్క బోర్లించి మళ్లీ లెక్కపెట్టింది.
నలభై నాలుగు.
ఒకటి ఆమె గోటి కింద ఉంది.